హోలిస్ చిరునామా

"మీరు ఒకే ఒక్క మాట చెబితే చాలు వెర్నీస్‌గారూ," అంది ప్రభుత్వ లాయరు ఇబారా. "'మా తమ్ముడికి ఇల్లు లేదు' అని. అంతే."

వెర్నీస్ టాలివర్ సంచీ ఒళ్లో పెట్టుకుని, దాని జిప్పు లాగుతూ మూస్తూ కూర్చుంది. అరవై రెండేళ్ల మనిషి. ముప్ఫై ఒక్కేళ్లుగా సముద్రం ఒడ్డు హోటల్లో దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టే పని. ఫ్లోరిడా ఎండకోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఏ పక్క మీద పడుకుంటారో ఆవిడ దగ్గరుండి చూసుకుంది. సొంత తమ్ముడు ఎక్కడ పడుకునేవాడో మాత్రం ఇంతవరకూ ఆవిడ నోటితో ఎవరితోనూ అనలేదు.

"అప్పుడప్పుడూ వచ్చేవాడమ్మా," అంది.

"వచ్చేవాడు సరే. ఉండేవాడా?"

"ఆదివారం ఆదివారం వచ్చేవాడు. తినేవాడు."

ఇబారా పెన్ను కింద పెట్టింది. ముప్ఫై దాటని పిల్ల. ఓర్పు ఉంది గానీ టైము లేదు. "చూడండి, ఆ లాసిటర్ కుర్రాడు మీ తమ్ముణ్ణి చంపలేదని వాళ్లు కూడా అనడం లేదు. వాళ్ల ఫోన్లో వాళ్లే తీసుకున్న వీడియో ఉంది. నరహత్య ఎలాగూ నిలబడుతుంది. దానికి పదిహేనేళ్లు మించి పడవు. ఇల్లు లేని మనిషన్న ద్వేషంతో కొట్టాడని తేలితే మన చట్టం ఆ నేరాన్ని ఒక మెట్టు పైకి ఎక్కిస్తుంది. ముప్ఫై ఏళ్ల దాకా వేయొచ్చు. ఏళ్ల సంగతి పక్కన పెట్టండి. ఎందుకు చంపాడో కాగితం మీద పడుతుంది. లేకపోతే ఇద్దరు ఏదో గొడవపడ్డారు, ఒకడు పోయాడు, అంతే."

"మావాడు ఎవరితోనూ గొడవపడలేదు. పడుకుని ఉన్నాడు."

"అందుకే చెబుతున్నా. చట్టంలో ఉన్న మాట ఇది: రాత్రిళ్లు పడుకోడానికి స్థిరమైన, తగిన ఇల్లు లేని మనిషి. మీ తమ్ముడు అలాంటి మనిషని ముందు రుజువు కావాలి. సొంత అక్క చెబితే ఇంక తిరుగుండదు."

ఆవిడకి అర్థం కాక కాదు. ఏడాదిగా ఆవిడకి కావలసింది అదొక్కటే. పేపర్లో 'పడవల రేవు వద్ద ఘర్షణ, ఒకరి మృతి' అని రాశారు. ఘర్షణట ఘర్షణ! నిద్రపోతున్న మనిషి ఎవడితో ఘర్షణ పడతాడు, దోమలతోనా? వాడు ఏ తప్పూ చేయలేదని, నెత్తిన కప్పు లేకపోవడం ఒక్కటే వాడి తప్పయిందని, నల్లకోటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు పైన కూర్చుని గట్టిగా చదవాలి. ఆ మాట వింటే చాలు, ఆ తర్వాత చచ్చిపోయినా ఫరవాలేదనుకునేది వెర్నీస్.

"చెబుతానమ్మా," అంది చివరికి. సంచీ జిప్పు మూసి లేచింది.

హోలిస్ ఆవిడకంటే ఐదేళ్లు చిన్న. ఇళ్లకి కప్పులు వేసే పని. తుఫాను వచ్చిపోయిన ప్రతిసారీ వాడికి చేతినిండా పనే. ఆ ఊళ్లో సగం కప్పులు వాడి చేతి మీద లేచినవే. ఒక జూన్‌లో ఎవరిదో మేడ మీంచి జారిపడ్డాడు. నడుం దెబ్బతింది. డాక్టరు మాత్రలు రాశాడు. నొప్పి తగ్గింది గానీ మాత్రలు వదల్లేదు. తన మాత్రల్లోంచి పది ఎవడికో అమ్ముతూ అడ్డంగా దొరికిపోయి పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక మాత్రలు మానేశాడు. ఒట్టు, నిజంగానే మానేశాడు. కానీ పని ఇచ్చేవాడు ఆ కేసు సంగతి అడుగుతాడు, గది అద్దెకిచ్చేవాడూ అదే అడుగుతాడు. అలా అడిగించుకుని అడిగించుకుని, ఇంక అడగడమే మానేశాడు హోలిస్.

వెర్నీస్ ఉండేది, లేనివాళ్లకి తక్కువ అద్దెకి ఇళ్లిచ్చే ఊరి ఇళ్ల ఆఫీసు వాళ్ల క్వార్టర్‌లో. పామెటో వీధి, నలభై ఒకటో నంబరు. ముందు గది, ఆవిడ గది, వెనక గది. వెనక గదిలో వాళ్లమ్మ ఆఖరి ఏడేళ్లూ పడుకుని అక్కడే పోయింది. మంచం అలాగే ఉండిపోయింది. లీజు కాగితంలో మాత్రం నిప్పులాంటి షరతుంది. పేరు రాయించని మనిషి ఏడాదిలో పద్నాలుగు రాత్రులకు మించి ఆ ఇంట్లో పడుకోకూడదు. మత్తుమందు కేసున్న మనిషైతే ఒక్క రాత్రి కూడా కూడదు. ఎదురింటి మావిస్, జైలు నుంచి వచ్చిన మనవణ్ణి నెల్లాళ్లు ఇంట్లో పెట్టుకుంది పాపం. సామానంతా తెచ్చి రోడ్డు మీద పడేశారు. ఆవిడ సోఫా మూడు రోజులు వానలో నానింది. వీధి వీధంతా కిటికీల్లోంచి చూసిందే గానీ ఒక్కళ్లు బయటికి రాలేదు. వెర్నీస్ కూడా రాలేదు.

అందుకని హోలిస్ ఆదివారాలు వచ్చేవాడు. చర్చి అయ్యాక వెనక దారిన వచ్చి, స్నానం చేసి, గడ్డం గీసుకుని, బావమరిది పెళ్లికొచ్చినవాడిలా కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. వేయించిన చేపలు, మొక్కజొన్న రవ్వతో వండిన గ్రిట్స్, పొగబెట్టిన మాంసం వేసి ఉడికించిన ఆకుకూర. "ఉప్పు చూస్తుంటే నా మీద కోపంగా ఉన్నట్టున్నావే అక్కా," అనేవాడు. "నోర్మూసుకుని తిను. వారం పాటు మాట్లాడ్డానికి మనిషి దొరకడు, ఇక్కడికొచ్చి నా ఉప్పు మీద పడతావు," అనేది ఆవిడ. వాడి ఉత్తరాలు ఆ ఇంటికే వచ్చేవి. గుర్తింపు కార్డు మీద అదే చిరునామా. చిరునామా లేకుండా కార్డు ఇవ్వరు, కార్డు లేకుండా ఆసుపత్రి మెట్టు కూడా ఎక్కనివ్వరు. ఊళ్లో బయట పడుకునేవాళ్లందరూ ఎవరో ఒకళ్ల చిరునామా అలా అరువు తెచ్చుకున్నవాళ్లే. నాలుగయ్యేసరికి తనే లేచేవాడు. వెళ్లమని ఆవిడ నోటితో అనాల్సిన అవసరం ఎప్పుడూ పెట్టలేదు.

ఒక్కసారి పెట్టాడు. ఆగస్టులో, తుఫాను ఊరి మీదికి తిరిగిన రోజు. సాయంత్రం ఐదింటికే ఆకాశం మసిబట్టిపోయింది. వెనక జాలీ తలుపు అవతల తడిసి ముద్దయి నిలబడ్డాడు. ఒళ్లు కాలుతున్నట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, రేవు దగ్గర షెడ్డు రేకులు లేచిపోతున్నాయే. ఈ ఒక్క రాత్రికి అమ్మ గదిలో పడుకుంటా."

ఆవిడ చెయ్యి గొళ్లెం మీదే ఉంది. పక్కింటి కిటికీ తెర కదిలింది. మావిస్ సోఫా కళ్లముందు కనపడింది.

"చర్చి హాలు తెరిచారుగా. అక్కడికి పోరా."

"నిండిపోయిందన్నారే."

"ఇంకోసారి అడుగు. నా పేరు చెప్పు."

వాడు నవ్వాడు. "సరేలే అక్కా. నువ్వు తడుస్తావు, లోపలికి పో."

ఆవిడ పరుగున వెళ్లి అమ్మ మంచం మీది బొంత తెచ్చి, తలుపు జానెడు తీసి వాడి చేతుల్లో పెట్టింది. పాత చొక్కాలూ గౌన్లూ ముక్కలు చేసి వాళ్లమ్మ చేత్తో కుట్టిన బొంత అది. వాడు దాన్ని పొట్టకి అదుముకుని, వంగిపోయి, వానలోకి వెళ్లిపోయాడు. ఆ రాత్రంతా తన గదిలోనూ అమ్మ గదిలోనూ దీపం ఆర్పలేదు వెర్నీస్. ఎందుకో ఆవిడకే తెలీదు.

ఆ మరుసటి మార్చిలో, తెల్లవారుతుండగా, ట్రెవర్ లాసిటర్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు స్నేహితుడితో పడవ దించడానికి రేవుకొచ్చాడు. చేపలు కోసే షెడ్డు కింద హోలిస్ బొంత కప్పుకుని పడుకున్నాడు. స్నేహితుడు ఫోన్ తీశాడు. "ఒరేయ్, ఇల్లు లేనోడికి నిద్రేంట్రా? లే! ఇవాళ చెత్త ఊడ్చే రోజు!" అని అరుస్తాడు ట్రెవర్ అందులో. ఐసు నీళ్లు గుమ్మరిస్తాడు. హోలిస్ లేచి కూర్చుని చేతులు అడ్డం పెట్టుకుంటాడు. తర్వాత తెడ్డు లేస్తుంది. మూడో రోజున ఆసుపత్రిలో పోయాడు. కళ్లు తెరవలేదు.

భూస్థాపనకి జ్ఞాపక పత్రిక వేయాలి కదా. ఆ చర్చిలో అది లేకుండా శవం కదలదు. ముందు నిలువెత్తు ఫోటో, లోపల జీవిత చరిత్ర, వెనక మోసేవాళ్ల పేర్లు. పాస్టర్‌గారు దాన్ని అందరిముందూ గట్టిగా చదివిస్తారు. ఆ పత్రికల్లో ఇంతవరకూ ఒక్క తాగుబోతూ లేడు, జైలుకెళ్లినవాడూ లేడు, పెళ్లాన్ని వదిలేసినవాడూ లేడు. ప్రతివాడూ ప్రేమగల తండ్రే, నమ్మకమైన భర్తే. వినేవాళ్లందరికీ అసలు సంగతి తెలుసు, అందరూ ఆమేన్ అంటారు. పోయినవాడికి ఆఖరిసారి ఇస్త్రీ చొక్కా తొడగడం లాంటిదది, తప్పుపట్టేవాళ్లు లేరు.

దాన్ని టైపు చేసేది ఒడెస్సా, చర్చి సెక్రటరీ, వెర్నీస్‌కి నలభయ్యేళ్ల స్నేహితురాలు. ముక్కు మీది కళ్లజోడు కిందికి జార్చుకుని అడిగింది. "కప్పుల పని రాశాను. గాయక బృందంలో పాడాడని రాశాను."

"వాడెప్పుడు పాడాడే?"

"పదేళ్లప్పుడు ఈస్టరుకి పాడాడు, నాకు బాగా గుర్తు. గొంతు పగిలిన కుండలా ఉండేది. అది రాయలేదులే. ఎక్కడ ఉండేవాడని రాయను?"

వెర్నీస్ చేతిలో రుమాలు మడత పెట్టింది. "నాతో," అంది.

ఒడెస్సా చూసింది.

"రాయవే. అలా చూడకు నన్ను. నాతో ఉండేవాడని రాయి."

ఒడెస్సా రాసింది. ఆ భాష ఆవిడకి కొట్టిన పిండి. 'హోలిస్ టాలివర్‌గారు తన కడపటి దినములను ప్రియ సోదరి వెర్నీస్‌తో, పామెటో వీధిలోని వారి గృహమునందు, ప్రేమ సమాధానములతో గడిపి ప్రభువునందు నిద్రించిరి.' ఆ వాక్యం చదివినప్పుడు చర్చంతా ఆమేన్ అంది. వెర్నీస్ రుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పత్రిక ఫోటో తీసి చర్చి ఫేస్‌బుక్ పేజీలో పెట్టింది ఒడెస్సా, ఎప్పుడూ పెట్టినట్టే.

ఇవన్నీ ఇబారాకి చెప్పాలని వెర్నీస్‌కి తట్టనే లేదు. ఆవిడ దృష్టిలో అది చర్చి కాగితం. కోర్టుకీ దానికీ ఏం సంబంధం?

సాక్ష్యం రోజున వెర్నీస్ చర్చి టోపీ పెట్టుకోబోయి మానేసింది. ఒడెస్సా వెనక బల్ల మీద కూర్చుంది. ట్రెవర్ లాసిటర్ కొత్త కోటులో, తల నున్నగా దువ్వుకుని, బడికెళ్లే పిల్లాడిలా ఉన్నాడు. వాడి మొహం చూడకూడదనుకుని వాడి చేతుల్నే చూసింది వెర్నీస్. గోళ్లు శుభ్రంగా ఉన్నాయి.

ఇబారా నెమ్మదిగా అడిగింది. "మీ తమ్ముడు రాత్రిళ్లు ఎక్కడ పడుకునేవాడు వెర్నీస్‌గారూ?"

దోషో కాదో తేల్చే జ్యూరీ వాళ్లు ఆరుగురూ చూస్తున్నారు. నీళ్లు తాగింది.

"రేవులో. చేపల షెడ్డు కింద."

"ఎన్నాళ్లు?"

"నాలుగేళ్లు."

"మీ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకున్నాడు?"

"ఒక్క రాత్రి కూడా లేదు." వెర్నీస్ జ్యూరీ వైపు తిరిగింది. "తుఫాను రోజున వచ్చి అడిగాడు. జ్వరంతో ఉన్నాడు. పంపించేశాను. గది ఖాళీగా ఉంది, అయినా పంపించేశాను."

కోర్టు హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. తల కొట్టేసినట్టయినా, వెర్నీస్‌కి లోపల ఎక్కడో కాస్త తేలికపడింది. అయిపోయింది, అనేశాను, ఇంక వాళ్లు చూసుకుంటారు అనుకుంది పిచ్చిది.

అప్పుడు లేచాడు ప్రూయిట్, ముద్దాయి తరఫు లాయరు. తెల్లజుట్టు, మెత్తటి గొంతు. గొంతులో తేనె ఉన్నవాళ్లని చూస్తే వెర్నీస్‌కి చిన్నప్పటినుంచీ భయం.

"అమ్మా, మీకు నా ప్రగాఢ సానుభూతి. ఈ గుర్తింపు కార్డు మీ తమ్ముడిదేనా? చిరునామా ఎక్కడిది?"

"నాదే. ఉత్తరాలకోసం ఇచ్చాను."

"సంతోషం. ఇది కూడా చూడండి." ఒక కాగితం చేతికిచ్చాడు. హోలిస్ ఫోటో. ఒడెస్సా అచ్చువేసిన ఊదారంగు అంచు. ఆ జ్ఞాపక పత్రికే. "గీత గీసిన వాక్యం జ్యూరీకి కాస్త గట్టిగా చదువుతారా?"

ఇబారా లేచి అభ్యంతరం చెప్పింది. జడ్జిగారు ఒప్పుకోలేదు. వెర్నీస్ చదివింది. 'కడపటి దినములను... ప్రియ సోదరి వెర్నీస్‌తో...' అక్కడ ఆగింది. ప్రూయిట్ ఓపిగ్గా నిలబడ్డాడు. 'పామెటో వీధిలోని వారి గృహమునందు.'

"ఇది ఎవరు రాయించారమ్మా?"

"నేనే."

"నిజమేనా?"

"కాదు. అది అలా రాస్తారండీ. అందరికీ అలాగే రాస్తారు."

"అంటే చర్చిలో, మీ తమ్ముడి శవం పక్కన, దేవుడి ఎదుట మీరు అబద్ధం చదివించారా?"

"అవునండీ."

"అక్కడ అబద్ధమాడిన మనిషి ఇక్కడ నిజం చెబుతున్నారని ఈ పెద్దలు నమ్మాలి."

"నిజమేనయ్యా బాబూ! ఎవడైనా కావాలని తన మీద ఇలాంటి మాట చెప్పుకుంటాడా?"

"ఎందుకు చెప్పుకుంటారో నేను చెబుతాను." ఇంకో కాగితం తీశాడు. లీజు. "మత్తుమందు కేసున్న మనిషి మీ ఇంట్లో ఒక్క రాత్రి ఉన్నాడని తేలినా మీ ఇల్లు పోతుంది. అవునా, కాదా?"

వెర్నీస్ ఇబారా వైపు చూసింది. ఆ పిల్ల బల్ల మీది కాగితాల కేసి చూస్తోంది.

"అవును."

"కాబట్టి, ఉన్నాడంటే ఇల్లు పోతుంది. లేడంటే ఇల్లు నిలుస్తుంది. అంతేనమ్మా, నేనడగాల్సింది."

ఇబారా మళ్లీ లేచి చేయగలిగిందంతా చేసింది. చర్చి వంటశాలలో అన్నం పెట్టే ఆవిడ వచ్చి చెప్పింది, రేవు కాపలాదారు వచ్చి చెప్పాడు, హోలిస్ అక్కడే పడుకునేవాడని. ప్రూయిట్ కాదనలేదు. మనిషి బయట పడుకోవడం వేరు, ఇల్లు లేకపోవడం వేరు అన్నాడు. కొందరికి చేపల పిచ్చి ఉంటుంది, రేవు వదిలి రారు అన్నాడు. పోయినవాడికి ఇల్లుంది, మంచం ఉంది, కార్డు మీద చిరునామా ఉంది, ప్రేమించే అక్క ఉంది, ఆ అక్కే రాసి ఇచ్చింది అన్నాడు. హోలిస్ గురించి అంత గొప్పగా బతికున్నప్పుడు ఎవడూ మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం తీర్పొచ్చింది. నరహత్య: దోషి. రెండో ప్రశ్న, ఇల్లు లేనివాడన్న ద్వేషంతో చేశాడా: నిరూపణ కాలేదు. క్లర్కు బజారు జాబితా చదివినట్టు చదివేసి కూర్చుంది. ట్రెవర్ వాళ్లమ్మ ఏడుస్తూ కొడుకు వైపు చెయ్యి చాపింది. ఆ ఏడుపు చూసి కూడా వెర్నీస్‌కి కోపం రాలేదు, దానికే ఆవిడకి భయమేసింది.

వరండాలో ఇబారా గోడకి ఆనుకుని నిలబడింది. "ఆ కాగితం సంగతి నాకెందుకు చెప్పలేదండీ? ఒక్క మాట ముందు తెలిస్తే..."

"అది చర్చి కాగితం అనుకున్నానమ్మా."

ఇబారా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. ఒడెస్సా అప్పటిదాకా దూరంగా నిలబడి ఉంది. దగ్గరికొచ్చింది. "నా చేతులు పడిపోను. నేనే కదే ఫేస్‌బుక్‌లో పెట్టింది."

"నువ్వేం చేశావే? నేను రాయించాను, నువ్వు రాశావు."

"వాడికి మంచి జరగాలనే కదే..."

"చాల్లే ఒడెస్సా. నన్ను ఇంటికి తీసుకుపో."

పదమూడేళ్లు వేశారు ట్రెవర్‌కి. పేపర్లో మళ్లీ 'ఘర్షణ' అనే రాశారు. దాంతోపాటు ఇంకో ముక్క కూడా రాశారు: మృతుడు పామెటో వీధిలోని ప్రభుత్వ క్వార్టర్‌లో సోదరితో నివసించేవాడని జ్యూరీ భావించింది అని.

నెల తిరిగేసరికి ఇళ్ల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. లీజులో పేరు లేని వ్యక్తి నివాసం గురించి విచారణ. తనిఖీకి మనిషి వస్తాడు, ఇంట్లో ఉండవలెను.

అదే వారం కోర్టు వాళ్లు పిలిచి హోలిస్ వస్తువులు ఇచ్చారు. గోధుమరంగు కాగితం సంచీ, పైన ఎర్ర టేపు, టేపు మీద కేసు నంబరు. లోపల ఒక జత బూట్లు, గడ్డం గీసుకునే కత్తి, బొంత. బొంతలో ఒక మూల అట్టకట్టి నల్లగా ఉంది. హోటల్లో ఎన్ని మరకలు వదిలించలేదు ఆవిడ! వైను మరకలు, రక్తం మరకలు, దేనికి ఏ మందు వేయాలో నిద్రలో అడిగినా చెబుతుంది. బొంతని చల్లనీళ్లలో నానబెట్టి, ఉప్పు రాసి, మళ్లీ నీళ్లు మార్చి, రెండు రోజులు ఉతికింది. మరక పోలేదు, కాస్త పాలిపోయిందంతే. ఎండలో ఆరేసి, తీసుకెళ్లి వెనక గదిలో అమ్మ మంచం మీద పరిచింది. బూట్లు మంచం కింద పెట్టింది. కత్తి కిటికీ గట్టు మీద పెట్టింది. తలుపు దగ్గర నిలబడి చూసుకుంది. ఎంత పని, ఇంతే కదా చేయాల్సింది అనిపించింది. గట్టిగా చూస్తే పావుగంట పట్టలేదు.

బుధవారం పొద్దున్నే వచ్చాడు తనిఖీ మనిషి. పేరు క్వార్ల్స్. యాభయ్యేళ్లుంటాయి, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. మావిస్ సామాను రోడ్డు మీద పడేయించింది ఇతనే. అయినా మనిషి చెడ్డవాడు కాదు, వచ్చీ రాగానే టోపీ తీశాడు.

"కూర్చోండి వెర్నీస్‌గారూ, నిలబడకండి. మీ తమ్ముడి సంగతి తెలుసు నాకు. మా ఇంటి కప్పు కూడా అతనే వేశాడు, పద్దెనిమిదేళ్లయింది, చుక్క కారలేదు." ఫైలు తెరిచి ఒక ఫారం తీశాడు. "నాకు మిమ్మల్ని పంపించాలని లేదు. కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు కదా, ఒక్క రాత్రి కూడా పడుకోలేదని. అదే ముక్క ఇక్కడ రాసి సంతకం పెట్టండి. ఫైలు మూసేస్తాను. ఇంక మిమ్మల్ని ఎవరూ కదిలించరు."

"అక్కడ చెబితే నమ్మలేదు."

"నేను నమ్ముతాను."

ఎంత తేలిగ్గా అన్నాడు! ఆ మాట ఆరుగురిలో ఒక్కళ్లయినా అని ఉంటే! వెర్నీస్ ఫారం అందుకుంది. పెన్ను అందుకుంది. 'లేదు' అని రాయడానికి ఒక చిన్న గడి ఉంది, అంతే. అది రాస్తే ఈ ఇల్లు, ఈ వంటిల్లు, ఈ కుర్చీ మిగులుతాయి. రాయకపోతే అరవై రెండేళ్ల వయసులో ఎక్కడికి పోతుందో ఆవిడకి బాగా తెలుసు.

"ఒకసారి గదులు చూసుకోవాలి, రూలు," అన్నాడు క్వార్ల్స్ మొహమాటంగా. "చూసి వచ్చేస్తా, ఈలోపు మీరు రాసేయండి."

వెనక గది తలుపు తీసి అక్కడే ఆగిపోయాడు. మంచం మీద బొంత చూశాడు. మంచం కింద మగవాడి బూట్లు చూశాడు. కిటికీ గట్టు చూశాడు.

"ఇవన్నీ ఇప్పుడు పెట్టినవే కదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "అలాగని చెప్పండి."

వెర్నీస్ లేచి అతని వెనక వచ్చి నిలబడింది. ఫారం ఖాళీగానే ఉంది చేతిలో.

"ఇది మా తమ్ముడి గది."

"వెర్నీస్‌గారూ, మీరేం అంటున్నారో తెలుస్తోందా? నేను రాసుకుంటే ఇంక వెనక్కి తీసుకోలేను."

"రాసుకోండి."

క్వార్ల్స్ చేత్తో మొహం తుడుచుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. చివరికి ఫైలు మోకాలి మీద పెట్టుకుని అడిగాడు, అడగాలి కాబట్టి. "ఎప్పటినుంచి ఉంటున్నాడు?"

"తుఫాను వచ్చిన ఆగస్టు నుంచి," అంది వెర్నీస్. "సాయంత్రం ఐదింటికి వచ్చాడు. తడిసిపోయి ఉన్నాడు, జ్వరం. అమ్మ గదిలో పడుకుంటానన్నాడు. తలుపు బార్లా తీశాను."

క్వార్ల్స్ తేదీ అడిగాడు. ఆవిడ చెప్పింది. అతను రాసుకున్నాడు.